హైస్‌మన్ ఎవరికి దక్కాలి? జెంటీ, హంటర్ తగువును తేల్చే లెక్క

మీరు అడిగింది ఇది: 2024లో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో బోయిసీ స్టేట్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) ఆష్టన్ జెంటీ ఓటింగ్ నాటికే 2,497 యార్డులు పరిగెత్తాడు, 29 టచ్‌డౌన్లు కొట్టాడు. అయినా ఏటా అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ కొలరాడో ఆటగాడు ట్రావిస్ హంటర్‌కి వెళ్లింది. ఇది అన్యాయం కాదా? అసలు అర్హుడెవరో దేన్ని బట్టి తేల్చాలి? టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నానని కూడా రాశారు. జెంటీ ఆ ఊరి లోన్ స్టార్ హైస్కూల్లో ఆడి పైకొచ్చినవాడు. మనవాళ్లు అంతమంది ఉన్న ఊళ్లో అతని పేరు మీద అభిమానం ఉండటం సహజమే.

నా మాట ముందే చెప్పేస్తాను. అన్యాయం కాదు, హంటర్‌కి ఇవ్వడం సరైనదే. అలాగని జెంటీకి ఓటేసినవాళ్లు ఆట తెలియనివాళ్లేమీ కాదు. ఇద్దరి మధ్య తేడా చాలా తక్కువ. ఆ తేడా ఎక్కడుందో కనపడాలంటే ఓట్లు ఎలా పడతాయి, ఓటరు కాగితం మీద అసలేం అడుగుతున్నారు, ఏ అంకె ఎక్కడ తప్పుదారి పట్టిస్తుంది అన్నవి ఒక్కొక్కటిగా చూడాలి.

ముందు ఓట్ల సంగతి. అమెరికాను ఆరు ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కో ప్రాంతంలో 145 మంది చొప్పున 870 మంది విలేకరులకు, ప్రసారకర్తలకు ఓటు ఇస్తారు. బతికి ఉన్న పాత విజేతలందరికీ తలా ఒక ఓటు ఉంటుంది. అభిమానులందరికీ కలిపి ఒకే ఒక్క ఓటు. ప్రతి ఓటరూ మూడు పేర్లు వరుసగా రాయాలి. మొదటి పేరుకి 3 పాయింట్లు, రెండోదానికి 2, మూడోదానికి 1. ఒకే పేరు రెండుసార్లు రాయడం కుదరదు. కాన్ఫరెన్స్‌ల, అంటే జట్ల కూటముల, ఫైనల్స్ అయిపోగానే ఓటింగ్ ముగుస్తుంది, డిసెంబరు రెండో శనివారం ప్రకటన వస్తుంది. అంటే సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్‌లు, ప్లేఆఫ్ ఇంకా మొదలుకాకముందే అంతా తేలిపోతుంది.

ఈ 3-2-1 పద్ధతిని చాలామంది పట్టించుకోరు గానీ, ఫలితాన్ని తారుమారు చేసే శక్తి దానికుంది. 2008 చూడండి. ఫ్లోరిడా క్వార్టర్‌బ్యాక్ (ఆట నడిపిస్తూ పాస్‌లు విసిరేవాడు) టిమ్ టీబోకి మొదటి స్థానం ఓట్లు 309. ఒక్లహోమా ఆటగాడు శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 300, టెక్సాస్ ఆటగాడు కోల్ట్ మెకాయ్‌కి 266. అందరికంటే ఎక్కువమంది 'ఇతనే మొనగాడు' అన్నది టీబోనే. కానీ చివరికి టీబో మూడో స్థానంలో మిగిలాడు. కారణం రెండో వరస ఓట్లు: బ్రాడ్‌ఫర్డ్‌కి 315, మెకాయ్‌కి 288, టీబోకి 207 మాత్రమే. లెక్క వేస్తే బ్రాడ్‌ఫర్డ్ 900, 630, 196 కలిపి 1,726. మెకాయ్ 1,604. టీబో 927, 414, 234 కలిపి 1,575. బ్రాడ్‌ఫర్డ్ పేరు మొత్తం 811 కాగితాల మీద ఉంటే టీబో పేరు 750 మీదే ఉంది. టీబో అంతకుముందు ఏడాదే ట్రోఫీ గెలిచాడు. రెండోసారి ఇవ్వడానికి చేయి రానివాళ్లు అతన్ని కిందికి తోశారో, అసలు రాయకుండానే వదిలేశారో, మొత్తానికి దెబ్బ పడింది అక్కడే. రెండుసార్లు గెలిచినవాడు ఇప్పటికీ ఒక్కడే, ఒహాయో స్టేట్ ఆటగాడు ఆర్చీ గ్రిఫిన్, 1974, 1975 సంవత్సరాల్లో.

2009లో తేడా మరీ సన్నం. అలబామా రన్నింగ్ బ్యాక్ మార్క్ ఇంగ్రమ్ 1,304, స్టాన్‌ఫర్డ్ రన్నింగ్ బ్యాక్ టోబీ గెర్‌హార్ట్ 1,276. ఇరవై ఎనిమిది పాయింట్లు. తొమ్మిది వందల ఓట్లలో ఓ పదిహేను మంది తమ మొదటి రెండు పేర్లను అటూ ఇటూ మార్చి ఉంటే ట్రోఫీ చేతులు మారిపోయేది. ఎందుకంటే అలా మార్చిన ప్రతి కాగితంతో ఒకరికి ఒకటి తగ్గి, ఇంకొకరికి ఒకటి పెరుగుతుంది. అందుకే రెండో పేరు, మూడో పేరు ఏదో ఒకటి రాసి పారేసేవి కావు.

ఇప్పుడు 2024. హంటర్‌కి మొదటి స్థానం ఓట్లు 552, జెంటీకి 309. మొత్తం పాయింట్లు 2,231, 2,017. జెంటీని రెండో పేరుగా రాసినవాళ్లు 517 మంది. హంటర్‌కి మొదటి ఓటు వేసినవాళ్లలో చాలామంది వెంటనే జెంటీ పేరే రాశారని ఈ అంకె చెబుతోంది. అతన్ని ఎవరూ చిన్నచూపు చూడలేదు. మీరుండే టెక్సాస్ వైపున్న నైరుతి ప్రాంతంలో అయితే గెలిచింది జెంటీయే. మిగతా ఐదు ప్రాంతాలు హంటర్‌వి.

ఇక అసలు చిక్కు: 'అర్హుడు' అంటే ఎవరు? ఓటరును అడిగేది ఆ ఏడాది కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడెవరని. జట్టుకి అత్యంత విలువైనవాడెవరని కాదు, మొదటి ర్యాంకు జట్టులో మొనగాడెవరని కాదు, రేపు ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎవరు రాణిస్తారనీ కాదు. ఈ నాలుగు ప్రశ్నలకి నాలుగు వేర్వేరు పేర్లు రావచ్చు. వాదనలు ఎటూ తేలకపోవడానికి సగం కారణం ఒకరు ఒక ప్రశ్నకి, ఇంకొకరు ఇంకో ప్రశ్నకి జవాబు చెబుతూ ఉండటమే. కాబట్టి వాదనకు దిగే ముందు ఎదుటివాళ్లని 'మీరు దేనికి ఓటేస్తున్నారు?' అని అడగండి.

జట్టు గెలుపోటముల్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలన్నది పాత తగాదా. 1956లో నోటర్ డేమ్ జట్టు పదిలో రెండే గెలిచింది. ఆ జట్టు ఆటగాడు పాల్ హార్నంగ్‌కి ట్రోఫీ దక్కింది. మొదటి స్థానం ఓట్లు ఎక్కువ వచ్చింది ఒక్లహోమా ఆటగాడు టామీ మెక్‌డొనాల్డ్‌కి, అతను మూడో స్థానంలో ఉండిపోయాడు. సిరక్యూస్‌లో ఆడిన జిమ్ బ్రౌన్ ఐదో స్థానం. ఓడిన జట్టువాడికి ఇవ్వొచ్చా అంటే ఇవ్వొచ్చు, నియమం ఏదీ అడ్డురాదు. కానీ ఆ ఏడాది నోటర్ డేమ్ అన్న పేరు కాకుండా ఆట ఒక్కటే చూసి ఉంటే జిమ్ బ్రౌన్ ఐదో స్థానంలో ఉండేవాడని నేను అనుకోను.

నేను పాటించే పద్ధతి ఇది: జట్టు ఓడినప్పుడు, ఆ ఓటమిలో ఈ ఆటగాడి వాటా ఎంతో చూడాలి. మొత్తం గెలుపోటముల పట్టికను తెచ్చి అతని నెత్తిన రుద్దకూడదు. 2023 దీనికి మంచి పాఠం. ఎల్‌ఎస్‌యూ క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ జట్టు 9 గెలిచి 3 ఓడింది. వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్ జట్టు 13కి 13 గెలిచింది, ఆరెగాన్‌ని రెండుసార్లు మూడేసి పాయింట్ల తేడాతో కొట్టింది. పైకి చూస్తే పెనిక్స్‌దే ట్రోఫీ అనిపిస్తుంది. కానీ ఎల్‌ఎస్‌యూ ఓడిన ఓలె మిస్ మ్యాచ్ తీయండి: స్కోరు 55-49. డేనియల్స్ 414 యార్డులు విసిరి, మరో 99 పరిగెత్తాడు. 49 పాయింట్లు చేసిన జట్టు ఓడిందంటే తప్పు క్వార్టర్‌బ్యాక్‌ది ఎలా అవుతుంది? అలబామా మీద నాలుగో క్వార్టర్‌లో దెబ్బ తగిలి బయటికి వెళ్లాక ఆట పూర్తిగా చేజారింది. ఈ వివరాలు చూడకుండా 'మూడు ఓడాడు' అనడం, 300 కొట్టిన జట్టు బౌలర్ల వల్ల ఓడితే సెంచరీ వీరుణ్ని తిట్టినట్టే.

క్వార్టర్‌బ్యాక్‌ల్ని పోల్చేటప్పుడు కాలేజీ పాసర్ రేటింగ్ లెక్క చేత్తో వేసుకోవడం నేర్చుకోండి, ఐదు నిమిషాల పని. విసిరిన యార్డుల్ని 8.4తో గుణించాలి. టచ్‌డౌన్ ఒక్కోదానికి 330, అందుకున్న పాస్ ఒక్కోదానికి 100 కలపాలి. ఇంటర్‌సెప్షన్, అంటే ఎదుటివాళ్లు పట్టేసిన పాస్, ఒక్కోదానికి 200 తీసేయాలి. వచ్చినదాన్ని మొత్తం విసిరిన పాస్‌ల సంఖ్యతో భాగించాలి. డేనియల్స్: 327 విసిరితే 236 చేరాయి, 3,812 యార్డులు, 40 టచ్‌డౌన్లు, 4 ఇంటర్‌సెప్షన్లు. 32,020.8, 13,200, 23,600 కలిపి 800 తీసేస్తే 68,020.8. దాన్ని 327తో భాగిస్తే 208. ఓటింగ్ నాటికి పెనిక్స్: 466కి 307, 4,218 యార్డులు, 33 టచ్‌డౌన్లు, 9 ఇంటర్‌సెప్షన్లు. అదే లెక్కన 161 చిల్లర. యార్డులు పెనిక్స్‌వే ఎక్కువ, కానీ అతను 139 పాస్‌లు అదనంగా విసిరాడు. మొత్తం యార్డుల పట్టిక మాత్రమే చూసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఒక్కో పాస్‌కి డేనియల్స్ 11.7 యార్డులు తీస్తే పెనిక్స్ 9.1 తీశాడు. ఈ రేటింగ్‌ని ఎన్‌ఎఫ్‌ఎల్ రేటింగ్‌తో మాత్రం పోల్చకండి. అక్కడి సూత్రం వేరు, పై హద్దు 158.3 దగ్గర ఆగిపోతుంది.

పరుగుల్లో ఇంకో మెలిక ఉంది. కాలేజీ లెక్కల్లో క్వార్టర్‌బ్యాక్‌ని వెనక పడేసినప్పుడు, అంటే సాక్ అయినప్పుడు, పోయిన యార్డుల్ని అతని పరుగుల్లోంచి కోస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు, అవి జట్టు పాసింగ్ లెక్కలోంచి పోతాయి. అంటే డేనియల్స్ పేరు మీదున్న 1,134 పరుగు యార్డులు సాక్‌లు పోగా మిగిలినవి. బలహీనమైన లైన్ (క్వార్టర్‌బ్యాక్‌కి ముందు నిలబడి కాపాడేవాళ్లు) వెనక ఆడే క్వార్టర్‌బ్యాక్‌కి పరుగు యార్డులు సున్నాకి కిందికి కూడా వెళ్తాయి. దాన్ని చూసి 'కాళ్లలో చురుకు లేదు' అనేయడం పొరపాటు. సాక్ యార్డుల్ని వేరుగా తీసి మళ్లీ కలిపితే అసలు పరుగు బయటపడుతుంది.

తర్వాతి పని, చిన్న జట్ల మీద చేసినవాటిని తీసి చూడటం. పెద్ద కాలేజీలన్నీ దాదాపుగా ఏటా కింది విభాగమైన ఎఫ్‌సీఎస్ జట్టు ఒకదానితో ఆడతాయి. మన రంజీలో ప్లేట్ గ్రూప్ మీద కొట్టిన డబుల్ సెంచరీని ఎలీట్ గ్రూప్ డబుల్ సెంచరీతో సమానంగా చూడం కదా, అలాగన్నమాట. డేనియల్స్ గ్రాంబ్లింగ్ మీద 269 యార్డులు, 5 టచ్‌డౌన్లు విసిరాడు. ఆ జట్టు ఎఫ్‌సీఎస్‌ది. జార్జియా స్టేట్ మీద 413 యార్డులు, 6 టచ్‌డౌన్లు. ఆ జట్టు పై విభాగానిదే అయినా ఎల్‌ఎస్‌యూకి ఏమాత్రం సాటి కాదు. ఈ రెండూ తీసేస్తే 40 టచ్‌డౌన్లు 29కి దిగుతాయి. పెనిక్స్ పక్షం వాళ్లకి ఇది న్యాయమైన పాయింటే. అయితే ఆ రెండు మ్యాచ్‌లు పోయాక కూడా డేనియల్స్ రేటింగ్ 200కి అటూ ఇటూగానే నిలుస్తుంది. పైగా అతని అసలైన ఆట ఫ్లోరిడా మీద బయటపడింది: 372 యార్డులు విసిరి 234 పరిగెత్తాడు. పై విభాగం చరిత్రలో ఒకే మ్యాచ్‌లో 350 విసిరి 200 పరిగెత్తినవాడు అంతకుముందు లేడు. పెనిక్స్ విషయంలో అరిజోనా స్టేట్ మ్యాచ్ గుర్తు చేసుకోండి. వాషింగ్టన్ 15-7తో గెలిచింది గానీ ఆఫెన్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు, ఇంటర్‌సెప్షన్‌ని తిరిగి పరిగెత్తించి డిఫెన్స్ కాపాడింది. 'గెలిచాడు' అన్న మాట కింద అలాంటివి దాగిపోతాయి. అందుకే ఆ ఏడాది డేనియల్స్ 2,029 పాయింట్లతో, పెనిక్స్ 1,701 దగ్గరుండగా, ట్రోఫీ గెలవడం సరైన ఫలితమే అంటాను.

సహచరుల బలం గురించి ఒక్క మాట. దీన్ని ఒకవైపే వాడటం అలవాటైపోయింది. డేనియల్స్‌కి మాలిక్ నేబర్స్, బ్రయన్ థామస్ ఉన్నారని అంటారు, నిజమే, ఇద్దరూ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వెళ్లారు. పెనిక్స్‌కి రోమ్ ఒడూంజే ఉన్నాడు, అతనూ మొదటి రౌండే. వాషింగ్టన్ లైన్ ఆ ఏడాది దేశంలో అత్యుత్తమ ఆఫెన్సివ్ లైన్‌కిచ్చే జో మూర్ అవార్డు గెలిచింది. ఇద్దరి పక్కనా బలం ఉంటే ఆ వాదన ఇద్దరికీ కొట్టుకుపోతుంది.

ఇప్పుడు రన్నింగ్ బ్యాక్‌లు, అంటే జెంటీ. అతని మీద ప్రధాన అభ్యంతరం మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్‌లో డిఫెన్స్‌లు బలహీనమని. దీన్ని నోటితో అనేసి వదిలేయకుండా లెక్కలో పెట్టొచ్చు. ప్రతి మ్యాచ్‌కీ ఎదుటి జట్టు మిగతా సీజన్‌లో ఒక్కో పరుగుకి సగటున ఎన్ని యార్డులు ఇచ్చిందో తీసుకోండి, మీ ఆటగాడి మ్యాచ్‌ని అందులోంచి తప్పించాలి. ఆ సగటు 3.5 అనుకుందాం, మీవాడు 20 పరుగుల్లో 6 చొప్పున తీశాడనుకుందాం. తేడా 2.5, దాన్ని 20తో గుణిస్తే 50 యార్డులు అదనం. ఇలా అన్ని మ్యాచ్‌లకీ వేసి కూడితే బలహీన జట్ల మీద వచ్చిన ఉచిత యార్డులు వాటంతట అవే రాలిపోతాయి. ఇది పాడయ్యే చోటు ఒకటుంది: ఒకే ఒక్క 75 యార్డుల పరుగు ఒక మ్యాచ్ సగటుని మొత్తం పైకి లేపేస్తుంది. దానికి విరుగుడుగా ఎన్ని పరుగులు 'పనికొచ్చాయో' లెక్కపెట్టండి. పది యార్డులు దాటడానికి నాలుగు ప్రయత్నాలుంటాయి, ఒక్కోదాన్ని డౌన్ అంటారు. మొదటి డౌన్‌లో కావలసిన దూరంలో సగం, రెండో డౌన్‌లో మిగిలినదాంట్లో 70 శాతం, మూడో, నాలుగో డౌన్‌లలో పూర్తి దూరం వస్తే ఆ పరుగు పనికొచ్చినట్టు. సగటు ఎక్కువుండి ఈ శాతం తక్కువుంటే ఆటగాడు అప్పుడప్పుడు మెరుస్తున్నాడే తప్ప నిలకడగా బండి లాగడం లేదని అర్థం.

జెంటీ ఈ పరీక్షల్లో గట్టిగా నిలబడతాడు, ఆ మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఓటింగ్ నాటికి 344 పరుగులకి 2,497 అంటే ఒక్కోదానికి 7.3. అంత బరువు మోస్తూ ఆ సగటు నిలబెట్టడం మామూలు సంగతి కాదు. ఎఫ్‌సీఎస్ జట్టు పోర్ట్‌లాండ్ స్టేట్ మీద చేసింది 127 యార్డులే, తీసేసినా 2,370 మిగులుతుంది. బలమైన జట్టు మీద ఏం చేశాడంటారా? సెప్టెంబరు 7న ఆరెగాన్ మీద, వాళ్ల ఊళ్లోనే, 25 పరుగుల్లో 192 యార్డులు, 3 టచ్‌డౌన్లు. ఆ ఆరెగాన్ ఓటింగ్ నాటికి 13కి 13 గెలిచి మొదటి ర్యాంకులో ఉంది. బోయిసీ 37-34తో ఓడింది, అదీ చివరి క్షణం ఫీల్డ్ గోల్‌తో. యూటా స్టేట్ మీద మొదటి సగంలోనే 186 కొట్టి రెండో సగం బెంచి మీద కూర్చున్నాడు. కాబట్టి 'పసికూనల మీద యార్డులు పోగేశాడు' అనేవాళ్ల మాట నిలవదు.

అతని పక్షాన వాదించేవాళ్లు కూడా ఒకచోట తడబడతారు. 1988లో ఒక్లహోమా స్టేట్ ఆటగాడు బారీ శాండర్స్ 2,628 యార్డులతో పెట్టిన రికార్డుకి జెంటీ చేరువయ్యాడని చూపిస్తారు. శాండర్స్ ఆ 2,628 తీసింది 11 మ్యాచ్‌ల్లో. అప్పట్లో బౌల్ మ్యాచ్ యార్డులు లెక్కలో కలిపేవారు కాదు. హాలిడే బౌల్‌లో అతను చేసిన 222 కలిపితే 2,850 అవుతుంది. 2002 నుంచి బౌల్ యార్డుల్ని కలుపుతున్నారు. జెంటీ 14 మ్యాచ్‌ల్లో 2,601 దగ్గర ఆగాడు. రెండు కాలాల రికార్డుల్ని పక్కపక్కన పెట్టేటప్పుడు మ్యాచ్‌ల సంఖ్యతో భాగించకపోతే ఆ పోలికకి అర్థం లేదు.

ఇంకోటి. ఫియస్టా బౌల్‌లో పెన్ స్టేట్ జెంటీని 30 పరుగుల్లో 104కి కట్టడి చేసింది కాబట్టి ఓటర్లు సరైన పనే చేశారని వాదించడం నాకు ఏమాత్రం నచ్చదు. ఓటు పడింది డిసెంబరు మొదట్లో, ఆ మ్యాచ్ జరిగింది 31న. 2005లోనూ ఇదే జరిగింది. ట్రోఫీ యూఎస్‌సీ ఆటగాడు రెజ్జీ బుష్‌కి వెళ్లింది, తర్వాత జనవరి 4న రోజ్ బౌల్‌లో టెక్సాస్ క్వార్టర్‌బ్యాక్ విన్స్ యంగ్ 267 విసిరి 200 పరిగెత్తి ఆ యూఎస్‌సీనే 41-38తో ఓడించాడు. అప్పట్నుంచి 'ట్రోఫీ యంగ్‌ది' అనే మాట వినపడుతూనే ఉంది. ఓటు వేసేనాటికి కళ్లముందు ఉన్నదాన్ని బట్టే ఓటరును తూచాలి.

హంటర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ మామూలు కొలతలు చాలవు. అతను పాస్‌లు అందుకునే రిసీవర్‌గా ఆఫెన్స్‌లో, ఎదుటి రిసీవర్లని కాచే కార్నర్‌బ్యాక్‌గా డిఫెన్స్‌లో ఆడాడు. 12 మ్యాచ్‌ల్లో మొత్తం 1,380 స్నాప్‌లు (స్నాప్ అంటే బంతి కదిలిన ఒక్కో ఆట): ఆఫెన్స్‌లో 670, డిఫెన్స్‌లో 686, స్పెషల్ టీమ్స్‌లో 24. మ్యాచ్‌కి 115. మామూలు రిసీవర్ ఆడేది ఇందులో సగం. కాన్సస్ స్టేట్ మీద భుజం దెబ్బతో మొదటి సగంలోనే బయటికి వెళ్లిపోయిన మ్యాచ్ కూడా ఈ పన్నెండులో కలిసే ఉంది. ఆఫెన్స్‌లో 92 క్యాచ్‌లు, 1,152 యార్డులు, 14 టచ్‌డౌన్లు. డిఫెన్స్‌లో 4 ఇంటర్‌సెప్షన్లు, చేత్తో అడ్డుకున్న పాస్‌లు 11.

కార్నర్‌బ్యాక్ అంకెలు చదవడంలో ఒక చిక్కుంది. మంచి కార్నర్ వైపు ఎదుటి క్వార్టర్‌బ్యాక్ అసలు బంతే విసరడు. విసరకపోతే ఇంటర్‌సెప్షన్లు రావు, టాకిళ్లూ రావు. బాగా ఆడేకొద్దీ పట్టికలో అంకెలు తగ్గుతాయి. కాబట్టి కవర్ చేసిన స్నాప్ ఒక్కోదానికి ఎన్నిసార్లు అతని వైపు విసిరారు, ఎన్ని యార్డులు ఇచ్చాడు అన్నది చూడాలి. మ్యాచ్ చూస్తున్నప్పుడు కెమెరా బంతి వెంటే పోతుంది గనక ఇది టీవీలో కనపడదు. మైదానం మొత్తం కనిపించే వీడియో దొరికితే ఒక పది డ్రైవ్‌లు చూడండి, ఎవరి వైపు విసరడానికి వెనకాడుతున్నారో ఇట్టే తెలిసిపోతుంది.

బేలర్ మ్యాచ్ ఆఖరి ఆట ఒక్కటి దగ్గరగా చూస్తే హంటర్ పక్షం వాదన బోధపడుతుంది. సెప్టెంబరు 21, బౌల్డర్. ఆట ముగిసే క్షణంలో కొలరాడో 43 యార్డుల పాస్‌తో స్కోరు సమం చేసి ఓవర్‌టైమ్‌కి లాగింది, అక్కడ మొదట స్కోరు చేసి ఏడు పాయింట్లు ముందుంది. బేలర్ గోల్ గీత ముందు వరకూ వచ్చేసింది. రన్నింగ్ బ్యాక్ బంతి పట్టుకుని గీత దాటబోతుండగా హంటర్ ఢీకొట్టాడు, బంతి చేతిలోంచి జారి ఎండ్ జోన్ దాటి బయటికి పోయింది. ఆట అక్కడితో సరి, 38-31. రాత్రంతా రెండువైపులా ఆడిన రిసీవర్ చివరి స్నాప్‌లో గీత మీద నిలబడి మ్యాచ్ గెలిపించాడన్నమాట. ఒక్క ఆటను పట్టుకుని ట్రోఫీ ఇచ్చేయాలని అనడం లేదు, అలా ఇవ్వడం పెద్ద పొరపాటు కూడా. ఆఫెన్స్‌లో 60, 70 స్నాప్‌లు ఆడాక కూడా డిఫెన్స్‌లో అతని పదును తగ్గలేదన్నదే ఇక్కడ విషయం. దాన్ని నవంబరు 29న మళ్లీ చూడొచ్చు: ఒక్లహోమా స్టేట్ మీద 10 క్యాచ్‌లు, 116 యార్డులు, 3 టచ్‌డౌన్లు, అదే మ్యాచ్‌లో ఒక ఇంటర్‌సెప్షన్.

ఆల్‌రౌండర్‌ని తూచేటప్పుడు మనం క్రికెట్‌లో అడిగే ప్రశ్నే ఇక్కడా అడగాలి. బ్యాటింగ్ ఒక్కదానితో జట్టులో ఉంటాడా, బౌలింగ్ ఒక్కదానితో ఉంటాడా? రెండూ కలిస్తేనే చోటు దక్కేవాడు ఉపయోగపడే ఆటగాడు. ఏ ఒక్కదానితోనైనా దేశంలో మొదటి వరసలో ఉండేవాడు అరుదు. హంటర్ రిసీవర్లకిచ్చే బిలెట్నికాఫ్ అవార్డు గెలిచాడు, డిఫెన్స్ ఆటగాళ్లకిచ్చే బెడ్నరిక్ కూడా గెలిచాడు. డిఫెన్సివ్ బ్యాక్‌లకిచ్చే థోర్ప్ అవార్డు మాత్రం టెక్సాస్ ఆటగాడు జాడే బారన్‌కి వెళ్లింది. దాన్ని పట్టుకుని 'డిఫెన్స్‌లో అతను మొదటివాడు కాదు' అనొచ్చు, అందులో నిజం ఉంది. మాక్స్‌వెల్ అవార్డు, రన్నింగ్ బ్యాక్‌లకిచ్చే డోక్ వాకర్ అవార్డు జెంటీవి. కాబట్టి అవార్డుల జాబితాతోనే వాదన ముగించలేం. నా తూకం ఇలా ఉంది: జెంటీ ఒక పనిలో ఆ ఏడాది తిరుగులేని మొనగాడు. హంటర్ రెండు కష్టమైన పనుల్లో, ఒకే రోజు, ఒకే ఒంటితో, దేశంలోని అగ్రశ్రేణిలో ఉన్నాడు. ప్రశ్న 'అత్యుత్తమ ఆటగాడెవరు' అయినప్పుడు రెండోదే బరువైనది. 'అత్యంత విలువైనవాడెవరు' అని అడిగి ఉంటే నా ఓటు జెంటీకే పడేది. అతను లేని బోయిసీ కాన్ఫరెన్స్ గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్లేదని నేను నమ్మను.

ఓటర్లలో పాతుకుపోయిన రెండు పక్షపాతాలు కూడా తెలిసుండాలి. ఒకటి, క్వార్టర్‌బ్యాక్ మోజు. 2000 నుంచి 2024 దాకా ఇరవై ఐదుగురు విజేతల్లో ఇరవై మంది క్వార్టర్‌బ్యాక్‌లే. బుష్, ఇంగ్రమ్, 2015లో డెరిక్ హెన్రీ, 2020లో డివాంటా స్మిత్, 2024లో హంటర్ మాత్రమే మినహాయింపు. రెండోది, మ్యాచ్ మొదలయ్యే వేళ. పసిఫిక్ తీరంలో రాత్రి ఏడున్నరకి మొదలైతే న్యూయార్క్‌లో పదిన్నర. 2015లో స్టాన్‌ఫర్డ్ ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీ పరుగులు, క్యాచ్‌లు, కిక్ రిటర్న్‌లు కలిపి శాండర్స్ పేరు మీదున్న 3,250 యార్డుల రికార్డుని ఓటింగ్‌కి ముందే దాటేశాడు. అయినా ఓటింగ్ పాయింట్లు హెన్రీకి 1,832, మెకాఫ్రీకి 1,539. హెన్రీ తక్కువవాడు కాదు గానీ, తూర్పు తీరం ఓటర్లలో ఎంతమంది స్టాన్‌ఫర్డ్ మ్యాచ్‌లు చివరిదాకా మేలుకుని చూశారు అన్న సందేహం నాకు ఇప్పటికీ ఉంది. మీరు ఇలాంటి పట్టిక రాసుకుంటే ఒక్కో అభ్యర్థివి కనీసం మూడు మ్యాచ్‌లు పూర్తిగా చూడండి: బాగా ఆడింది ఒకటి, జట్టు ఓడింది లేదా తడబడింది ఒకటి, అన్నిటికంటే బలమైన ప్రత్యర్థి మీద ఆడింది ఒకటి. హైలైట్లు లెక్కలోకి రావు. అందులో అందరూ మొనగాళ్లే.

తేదీ కూడా ముఖ్యం. కాన్ఫరెన్స్ ఫైనల్స్ అవకముందే పేర్లు ఖాయం చేసుకోకండి. 2018లో నవంబరంతా అలబామా క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవాదే ట్రోఫీ అనుకున్నారు. అలబామా ఆడే ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ ఫైనల్‌లో అతను తడబడి, గాయంతో బయటికి వెళ్లాడు. ఒక్లహోమా క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రీ టువాకి 1,871 పాయింట్లు రాగా 2,167తో గెలిచాడు.

చివరగా మూడో పేరు. చాలామంది దాన్ని సొంతూరి ఆటగాడికి ఇచ్చేస్తారు. అక్కడ బంతి ముట్టని వాళ్ల గురించి ఆలోచించండి. ఆఫెన్సివ్ లైన్ ఆటగాడు ఇప్పటిదాకా ఈ ట్రోఫీ గెలవలేదు. 1973లో ఒహాయో స్టేట్ టాకిల్ జాన్ హిక్స్ రెండో స్థానం దాకా వచ్చాడు. ప్రధానంగా డిఫెన్స్ ఆడి గెలిచింది 1997లో మిషిగన్ ఆటగాడు చార్లెస్ వుడ్‌సన్ ఒక్కడే. 2009లో నెబ్రాస్కా డిఫెన్సివ్ టాకిల్ ఎన్‌డామకన్ సూ నాలుగో స్థానంలో ఆగాడు, 815 పాయింట్లు, అందులో మొదటి స్థానం ఓట్లు 161. ఇంగ్రమ్‌కి, గెర్‌హార్ట్‌కి మధ్య తేడా 28 పాయింట్లే అయిన ఏడాదిలో ఆ 161 మంది అతన్నే ముందు రాశారు. ఆ మ్యాచ్‌లు చూసినవాడిగా చెబుతున్నాను, వాళ్లు రాసింది సరైన పేరే.